ఆన్‌లైన్ చర్చలో పిల్లలు ఎందుకు నోరు విప్పరు?

ఓమ్ నియమం (విజయవాడ), రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మొదటి సంవత్సరం వారికి సర్క్యూట్లు చెబుతాను. తరగతిలో 64 మంది. వారానికి ఒక ప్రశ్న ఆన్‌లైన్ చర్చాపుటలో పెట్టి, పిల్లల చేత అక్కడ మాట్లాడించాలని మాకు నియమం. మూడు నెలలుగా పెడుతున్నాను.

ప్రశ్న కింద 'చూసినవారు 61' అని కనిపిస్తుంది. దాని పక్కన సమాధానాల గడి ఖాళీగా ఉంటుంది. మొదటి నెల మొత్తానికి 11 సందేశాలు వచ్చాయి. వాటిలో ఏడు 'గుడ్ ఈవెనింగ్ సార్'. రెండు హాజరు గురించి. ఒకటి ఎవరో పొరపాటున పెట్టిన పెళ్లి శుభలేఖ. మిగిలిన ఒక్కటే నిజమైన సమాధానం. అది రాసింది మా తరగతిలో ఎప్పుడూ మొదటి మార్కు తెచ్చుకునే అబ్బాయి.

రెండో నెలలో చర్చకు ఐదు మార్కులు పెట్టాను. 58 మంది రాశారు! సంబరపడి తెరిచి చూస్తే 57 మంది 'పై మిత్రుడి అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను' అన్నారు. ఏకీభవించడానికి అక్కడ ఉన్న అభిప్రాయం ఒక్కటే.

అలాగని వీళ్లను సోమరులు అనలేను. ల్యాబు నుంచి వస్తుంటే వరండాలో ఇద్దరు ముగ్గురు వెంటపడి మరీ అడుగుతారు. మంచి ప్రశ్నలే. 'ఇదే అక్కడ రాయవచ్చు కదా' అంటే నవ్వి తల వంచుకుంటారు. ఆ నవ్వుకు అర్థం ఏమిటో విద్యార్థులు ఎవరైనా ఉంటే చెప్పండి.

వన్‌టౌన్ వాసి, రాత్రి 9:52

ఇందులో ఇంత ఆలోచించవలసింది ఏముంది మాస్టారూ? రాయనివారికి హాజరు వేయకండి, అదే వస్తుంది. మా రోజుల్లో లేపి నిలబెట్టి అడిగేవారు. చెప్పకపోతే బెంచీ ఎక్కించేవారు. గంటల తరబడి ఫోనులో బొమ్మలు చూడడానికి తీరిక ఉన్నవారికి రెండు వాక్యాలు రాసే తీరిక ఉండదా?

చివరి బెంచీ (విజయవాడ), రాత్రి 10:15

వన్‌టౌన్ వాసి గారూ, బెంచీ ఎక్కితే గంట కొట్టగానే దిగిపోవచ్చు. చర్చాపుటలో రాసిన తప్పు సెమిస్టర్ అంతా అక్కడే ఉంటుంది, పక్కనే మన ఫొటో, రోల్ నంబరుతో సహా.

సార్, నేను మీ విద్యార్థిని కాను, వేరే కళాశాలలో మూడో సంవత్సరం. కానీ ఆ నవ్వు నాకు తెలుసు. మాకు సార్లు లేని వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. మీ వాళ్లకూ ఉండే ఉంటుంది. పరీక్షకు ముందు రోజు రాత్రి అందులో మూడు వందల సందేశాలు పడతాయి. 'ఒరేయ్ ఈ మైనస్ ఎక్కడి నుంచి వచ్చింది' అని ఒకడు, చేత్తో రాసిన కాగితం ఫొటో తీసి ఇంకొకడు, 'నీ బుర్ర, దిశ తప్పు పెట్టావు' అని మూడోవాడు. అది చర్చ కాదా? అచ్చమైన చర్చ. అక్కడ తెలివితక్కువ ప్రశ్న అడిగినా పదిహేను నిమిషాల్లో పైకి జరిగిపోతుంది, ఎవరికీ గుర్తుండదు. మీ పుటలో మాత్రం మార్కులు వేసే మనిషి చూస్తున్నారు. మీరు ఎంత మంచివారైనా, చూస్తున్నారు.

ఇంకో చిన్న విషయం. దాన్ని చిన్నదని ఎవరూ పట్టించుకోరు. ఆ పుటలోకి వెళ్లాలంటే ఫోనులో బ్రౌజరు తెరవాలి, పాస్‌వర్డు కొట్టాలి, వంకర అక్షరాలు చూసి టైపు చేయాలి, మూడు పేజీలు దాటాలి. లోపలికి చేరేసరికి సందేహమే ఆరిపోతుంది.

ఇక ఆ మొదటి మార్కు అబ్బాయి. అతను మొట్టమొదటే వచ్చి జవాబు మొత్తం పూర్తిగా, అందంగా రాసేస్తాడు కదా. తరువాత వచ్చినవాడికి ఏం మిగిలింది? ఏకీభవించడం తప్ప!

కారం దోసె (గుంటూరు), రాత్రి 11:05

నేను ఎక్కువగా చదివి వెళ్లిపోతాను, రాయను. ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

2020లో మాకు పదో తరగతి పాఠాలు ఫోనులో మొదలయ్యాయి. కొత్తపేటలో రెండు గదుల ఇల్లు మాది. వంటగది పక్కన గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని, అక్కడే సిగ్నల్ వచ్చేది. ఒకరోజు సైన్సు పాఠంలో ప్రశ్న అడిగారు. నాకు తెలుసు. మైకు ఆన్ చేశాను. నోరు తెరిచేలోగా అమ్మ కుక్కరు పెద్దగా విజిల్ వేసింది. సార్ సరదాగానే, 'పప్పు ఉడికిందా అమ్మా' అన్నారు. నలభై మంది నవ్వారు. తిరిగి బడి తెరిచాక కూడా నా పేరు 'కుక్కరు'. పదో తరగతి అయ్యేవరకూ ఆ పేరే. ఆ ఏడాది మళ్లీ మైకు ముట్టుకోలేదు.

ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాను. చర్చాపుటలో కుక్కరు వినపడదు కదా, అక్కడ రాయవచ్చు అనుకున్నాను. మొదటి సెమిస్టర్‌లో ఒక సందేహం రాయడానికి కూర్చున్నాను. సందేహం రెండు ముక్కలు. తెలుగులో రాస్తే ఏమనుకుంటారో అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. 'డిడ్' పెట్టాలా 'డస్' పెట్టాలా అని ఆగాను. సరిచేసుకున్నాను. మరీ పొట్టిగా ఉంటే చదవలేదనుకుంటారని ఇంకో వాక్యం కలిపాను. పొడుగైంది, అతి తెలివి అనుకుంటారని తీసేశాను. గడియారం చూస్తే నలభై నిమిషాలు. మొత్తం చెరిపేసి పడుకున్నాను. మర్నాడు పొద్దున ఒక అబ్బాయి అదే సందేహం, స్పెల్లింగులన్నీ తప్పులతో పెట్టేశాడు. సార్ 'మంచి ప్రశ్న' అన్నారు!

తరువాత ధైర్యం చేసి ఒకసారి రాశాను. పది నిమిషాలలో ముక్కూ మొహం తెలియని సీనియరు ఒకరు విడిగా సందేశం పంపారు. 'హాయ్, మీ డౌటు చాలా బాగుంది, మీ నంబరు ఇస్తే వివరిస్తాను' అని. ఆడపిల్లలు ఎందుకు రాయరని అడిగేవారు ఇది కూడా లెక్కలో వేసుకోండి.

ఓమ్ నియమం, రాత్రి 11:20

అమ్మా, మీ సందేశం రెండుసార్లు చదివాను. 'పప్పు ఉడికిందా' లాంటి మాటలు నేను కూడా ఎన్నో అని ఉంటాను. అవి ఒక్కటీ నాకు గుర్తు లేకపోవడమే ఇప్పుడు భయంగా ఉంది.

మిరపతోట (గుంటూరు), మర్నాడు ఉదయం 7:30

చదువుల వెబ్‌సైట్లు తయారుచేసే పనిలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసినవి కొన్ని చెబుతాను.

కుక్కరు సంగతి మన గుంటూరు ఒక్కదానిదే కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో 2020లో, ఆన్‌లైన్ తరగతుల్లో కెమెరా ఎందుకు ఆన్ చేయరని విద్యార్థులనే అడిగారు. తమ రూపం గురించిన బెరుకు అందరికంటే ఎక్కువమంది చెప్పిన కారణం. వెనక ఇంట్లోవాళ్లు, గది కనపడతాయన్న ఇబ్బంది కూడా గట్టిగానే వినిపించింది. పిల్లవాడు తరగతికి రావడం వేరు, వాడి వెనక ఇల్లు కూడా తరగతికి రావడం వేరు.

రెండోది, పేరు సంగతి. పియాజా అని ఒక ప్రశ్నోత్తరాల వేదిక ఉంది, విదేశీ విశ్వవిద్యాలయాల్లో బాగా వాడతారు. దాన్ని 2009లో మొదలుపెట్టింది మన దేశపు అమ్మాయే, పూజా శంకర్. కాన్పూరు ఐఐటీలో కంప్యూటర్ సైన్సు చదివేటప్పుడు ఆమె తరగతిలో అమ్మాయిలు చాలా తక్కువ. అబ్బాయిలంతా కలిసి కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే, వెళ్లి అడగడానికి బిడియపడి ఒంటరిగా కుస్తీ పట్టేదట. ఆ అనుభవం నుంచే ఈ ఆలోచన. అందులో విద్యార్థి తన పేరు తోటివారికి కనపడకుండా ప్రశ్న వేయవచ్చు. పియాజా అంటే ఇటలీ భాషలో ఊరి కూడలి. కారం దోసె గారు చెరిపేసిన ఆ ప్రశ్న చేరవలసింది అలాంటి చోటికే.

మూడోది మొదటి మార్కు అబ్బాయి సమస్య. ఓమ్ నియమం గారూ, మీ కళాశాల వాడేది మూడుల్ అనే ఆన్‌లైన్ తరగతుల వేదిక అయితే చర్చ రకాల్లో 'ప్రశ్న-జవాబు' అని ఒకటి ఉంటుంది, వెతకండి. అది పెడితే తమ జవాబు తాము రాసేవరకూ ఇతరుల జవాబులు కనపడవు. ఏకీభవించే సౌకర్యం పోతుంది.

వన్‌టౌన్ వాసి, ఉదయం 8:10

పేరు లేకుండా రాయనిస్తే అది చర్చ ఎలా అవుతుంది? రైలు మరుగుదొడ్డి గోడ మీద రాతలు కూడా పేరు లేనివే. మాట అన్నవాడు ముందుకు వచ్చి నిలబడాలి. మనిషికి ఆ మాత్రం వెన్నెముక చదువుకునే రోజుల్లో రాకపోతే ఇంకెప్పుడు వస్తుంది?

చివరి బెంచీ, ఉదయం 8:14

మీ పేరు నిజంగా 'వన్‌టౌన్ వాసి' అనే అనుకోమంటారా?

వన్‌టౌన్ వాసి, ఉదయం 8:31

అది వేరే విషయం.

బడి గంట (గుంటూరు), ఉదయం 9:05

ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. బడికి వెళ్లే బస్సులో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

ఇంతవరకూ రాత గురించే అన్నారు, నేను ప్రత్యక్ష ఆన్‌లైన్ తరగతి గురించి ఒక మాట. మేరీ బడ్ రో అని ఒక అమెరికన్ పరిశోధకురాలు, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతారో కొలిచి చూశారు. సగటున ఒక్క సెకను. అంతే. దాన్ని మూడు సెకన్లకు పెంచితే చాలు, జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు నోరు విప్పారు. ఇది ఎదురుగా కూర్చున్న తరగతి లెక్క. ఆన్‌లైన్‌లో పిల్లవాడు మైకు గుర్తు వెతుక్కోవాలి, నొక్కాలి, ఇంట్లో టీవీ తగ్గించమని సైగ చేయాలి, మాట ఇక్కడి నుంచి అక్కడికి చేరాలి. మూడు సెకన్లు ఎక్కడ సరిపోతాయి? కరోనా రోజుల్లో నేను 'ఎవరూ చెప్పరా? సరే, నేనే చెబుతాను' అని ముందుకు వెళ్లిపోయేదాన్ని. ఒకసారి నా పాఠం రికార్డింగు వింటుంటే, నేను 'సరే' అన్న తరువాత ఒక పిల్ల గొంతు, 'మేడం...' అని, సగంలో ఆగిపోయింది. ఆ తరగతిలో నాకది వినపడనే లేదు.

దిగవలసిన చోటు వచ్చింది.

సత్యనారాయణపురం గృహిణి (విజయవాడ), మధ్యాహ్నం 2:20

అందరూ ఎందుకు రాయరో చెప్పారు. నేను ఎందుకు రాశానో చెబుతాను.

నాకు 43 ఏళ్లు. దూరవిద్యలో ఎం.ఏ. చదువుతున్నాను. పిల్లలు పడుకున్నాక, గిన్నెలు సర్దుకున్నాక రాత్రి పదకొండుకు నా తరగతి మొదలవుతుంది. మా కోర్సులో కూడా చర్చాపుట ఉంది. ఎవరూ రాయరు. మొదటి పాఠం చదివాక నాకు ఒక అనుమానం వచ్చింది, రాశాను. నాకు సిగ్గేమీ లేదు, ఈ వయసులో ఎవరు నవ్వితే ఏమిటి.

జవాబు రాలేదు. మర్నాడు చూశాను. ఆ మర్నాడూ చూశాను. పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోగా ఒకసారి చూసేదాన్ని. పన్నెండు రోజులు. పదమూడో రోజు చూడలేదు. ఒక వీధిలో తలుపు కొట్టి కొట్టి వచ్చేసినట్టు అనిపించింది. రెండో అనుమానం వచ్చినప్పుడు పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకుని ఊరుకున్నాను.

నెల తరువాత మాకు పాఠాలు చెప్పే కౌన్సిలరు రెండు వాక్యాల జవాబు పెట్టారు. ఆలస్యానికి క్షమించమని, నా ప్రశ్న పాఠంలో ఫలానా పేజీ చివరి పేరాకు సంబంధించినదని. అంతే. జవాబు పూర్తిగా కూడా లేదు. కానీ ఆయన నా పేరు పెట్టి పిలిచారు, నేను రాసింది చదివారు. ఆ రాత్రే పెన్సిలుతో రాసుకున్న అనుమానాలన్నీ, మొత్తం ఆరు, వరసగా పెట్టేశాను. వాటిలో మూడింటికి నాలాగే చదువుకుంటున్న ఒకావిడ జవాబు రాసింది. ఆవిడది గుంటూరు లక్ష్మీపురం. ఇప్పుడు పరీక్షలకు కలిసి వెళతాం.

సార్, మీ పుటలో ఆ మొదటి 11 సందేశాలకు మీరు జవాబు రాశారా? తప్పు పట్టడం కాదు, ఊరికే అడుగుతున్నాను.

ఓమ్ నియమం, మధ్యాహ్నం 2:58

ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను. రాయలేదమ్మా. ఆ ఒక్క మంచి జవాబుకు కూడా బొటనవేలి గుర్తు ఒకటి పెట్టి వదిలేశాను.

మిరపతోట, మధ్యాహ్నం 3:30

అమ్మా, మీరు చెప్పింది నా పనిలో నేను రోజూ చూసేదే. మార్కుల గురించి ఒక మాట కలుపుతాను. ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు ఇక్కడ చాలామంది చేసే ఉంటారు. అందులో అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం. చర్చకు మార్కు లేదు. అందుకని అక్కడి చర్చల్లో 'హాల్ టికెట్ ఎప్పుడు', 'ఐదో ప్రశ్నకు జవాబు తప్పు ఇచ్చారు' అనేవే ఎక్కువ కనిపిస్తాయి. కానీ ఆ రెండోది చూడండి. ప్రకటించిన జవాబు తప్పని తేలితే తమ మార్కు మారుతుంది. అప్పుడు పాఠం తిరగేసి, సూత్రం రాసి, మెట్టు మెట్టుగా వాదిస్తారు. మార్కు చర్చకు పెడితే హాజరు వస్తుంది. చర్చ వల్ల ఏదైనా మారుతుందంటే మనిషి వస్తాడు.

అందరూ మాట్లాడాలనే పట్టుదల కూడా వదలండి. ఆన్‌లైన్ గుంపుల్లో నూటికి తొంభై మంది చదివి ఊరుకుంటారు, తొమ్మిది మంది అప్పుడప్పుడు కలగజేసుకుంటారు, ఒకరు ఎడతెగకుండా రాస్తారు అని వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశీలించే జేకబ్ నీల్సన్ 2006లో ఒక మోటు లెక్క చెప్పారు. తరగతి గది దానికంటే మెరుగ్గానే ఉండాలి, కానీ మీ 'చూసినవారు 61' అవమానం కాదు. 61 మంది చదివారు సార్!

పాత పంతులు (గుంటూరు), సాయంత్రం 6:45

తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసినవాడిని. మనుమడు ఈ పుట చూపించాడు. కంప్యూటర్ల సంగతి నాకు తెలియదు కానీ, అందరి ముందూ మాట్లాడించడం ఎలాగో మనవాళ్లకు ఏనాడో తెలుసు.

అష్టావధానం చూశారు కదా. వేదిక మీద అవధానిని ప్రశ్నలు అడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. 'ఎవరైనా ఏదైనా అడగండి' అని ఏ అవధానీ అనడు. అలా అంటే సభ అంతా నిశ్శబ్దం. ఒక్కొక్కరికి ఒక్కొక్క పని అప్పగిస్తారు. నిషిద్ధాక్షరి వారు అక్షరం అక్షరానికీ అడ్డు పడాలి. దత్తపది వారు నాలుగు మాటలు ఇవ్వాలి. సమస్య వారు సమస్య ఇవ్వాలి. అన్నిటికంటే తమాషా, అప్రస్తుత ప్రసంగం. పద్యం నడుస్తుండగా అడ్డదిడ్డంగా మాట్లాడడమే ఆయన ఉద్యోగం! అసందర్భానికి ఒక కుర్చీ వేసి, దండ వేసి కూర్చోబెట్టారు మన పెద్దలు. పని అప్పగించాక సిగ్గు ఉండదు బాబూ. 'నేను అడిగానని కాదు, ఇది నా వంతు' అన్న ధీమా ఉంటుంది.

ఇక మీరు పెట్టే ప్రశ్న. 'ఫలానా సూత్రాన్ని వివరింపుము' అంటే అది పరీక్ష. ఎవడు వస్తాడు? సమస్య ఇవ్వండి. సమస్య అంటే ఏమిటి? చూడగానే తప్పుగా, అసంబద్ధంగా ఉండే పాదం. అది వినగానే 'అదెలా కుదురుతుంది' అని చెయ్యి దురద పెడుతుంది. ఆకాశవాణిలో సమస్యాపూరణం వచ్చే రోజుల్లో మా వీధిలో పోస్టుమాస్టరు, కిరాణా కొట్టు ఆయన కూడా పద్యాలు రాసి కార్డు వేసేవారు. పారితోషికం లేదు. మంచి పూరణ అయితే పేరూ ఊరూ చదువుతారు. ఆ పేరు వినడానికి కొట్టు కట్టేసి రేడియో దగ్గర కూర్చునేవాడు ఆయన. గృహిణి తల్లి చెప్పింది కూడా ఇదే.

చివరి బెంచీ, సాయంత్రం 6:58

పంతులు గారూ, అప్రస్తుత ప్రసంగం ఉద్యోగానికి దరఖాస్తు ఎక్కడ పెట్టాలి?

పాత పంతులు, సాయంత్రం 7:20

నీకు దరఖాస్తు అవసరం లేదు నాయనా, నియామక పత్రం ఇచ్చేశాను.

బుడమేరు గట్టు (విజయవాడ), రాత్రి 8:40

నేనూ లెక్చరరునే, డిగ్రీ కళాశాల. మా తరగతి చర్చాపుట కూడా ఇలాగే నిద్రపోతూ ఉండేది. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచింది గుర్తుందా? మా తరగతిలో కొందరి ఇళ్లు అక్కడే. నీళ్లు తీశాక వారం రోజులకు ఒక అబ్బాయి ఆ పుటలోనే, పాఠాల చర్చ మధ్యలో, 'నా నోట్సు అన్నీ తడిసిపోయాయి, ఎవరైనా ఫొటోలు పెడతారా' అని రాశాడు. రాత్రికి రాత్రి ఇరవై మంది తమ నోట్సు పేజీలు పెట్టారు. ఒకరి నోట్సులో ఉన్నది ఇంకొకరి దాంట్లో లేదు. 'ఈ మెట్టు సార్ చెప్పలేదు కదా' అని ఒకరు, 'నువ్వు ఆ రోజు రాలేదు' అని ఇంకొకరు. నేను పదిహేను వారాలు ప్రయత్నించి తేలేకపోయిన చర్చ తడిసిన పుస్తకాల నుంచి వచ్చింది. ఆ తరువాత ఆ బ్యాచి ఆగలేదు. ఒకరికి ఒకరు తెలిశాక ప్రశ్న అడగడానికి మొహమాటం ఉండదు. వరద రమ్మని ఎవరూ కోరుకోరు కానీ, మొదటి వారమే పాఠం కాని సంగతి ఏదైనా పిల్లల చేత పంచుకోనివ్వండి.

ఓమ్ నియమం, మూడు వారాల తరువాత, ఆదివారం ఉదయం 10:10

అందరికీ లెక్క అప్పజెప్పాలి.

ఐదు మార్కులు తీసేశాను. పాత 11 సందేశాలకూ జవాబు రాశాను, శుభలేఖ పెట్టిన అమ్మాయికి శుభాకాంక్షలతో సహా. అక్క పెళ్లట, అయిపోయి రెండు నెలలైంది.

మొదటి వారం పంతులు గారి మాట ప్రకారం సమస్య ఇచ్చాను. '6 ఓముల నిరోధం, 3 ఓముల నిరోధం సమాంతరంగా కలిపితే మొత్తం 4.5 ఓములు వచ్చింది. సార్ చేసిన లెక్క ఇది.' కింద నా చేతిరాతతో లెక్క ఫొటో. ఇతరుల జవాబులు ముందే కనపడకుండా అమర్చాను. తోటివారికి పేరు కనపడకుండా పెట్టే ఏర్పాటు మా పుటలో లేదు. అందుకని పేరు వద్దనుకునేవారు నాకు పంపితే నేను పెడతానన్నాను. తెలుగులో రాసినా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినా, కాగితం ఫొటో పెట్టినా సరే అన్నాను. 23 జవాబులు! నా తప్పు పట్టుకోవడంలో ఇంత ఆనందం ఉంటుందని తెలియదు. అందరూ 2 ఓములని తేల్చారు. ఒక అమ్మాయి లెక్కే చేయలేదు. 'సమాంతరంగా కలిపితే కరెంటుకు ఇంకో దారి దొరుకుతుంది కాబట్టి మొత్తం నిరోధం ఎప్పుడూ చిన్నదాని కంటే తక్కువే ఉండాలి, 4.5 అనగానే తప్పని తెలుస్తుంది' అని రాసింది. పేరు వద్దని పంపింది. మర్నాడు తరగతిలో ఆ వాక్యం బోర్డు మీద రాశాను. సాయంత్రం మళ్లీ సందేశం వచ్చింది, 'సార్, ఇప్పుడు పేరు పెట్టవచ్చు.'

రెండో వారం, 'ఇంట్లో గీజరు వేయగానే ఏ దీపం మసకబారుతుంది, ఎందుకు?' ఇళ్లకు వెళ్లి చూసి రాశారు. 'మా ఎల్‌ఈడీకి ఏమీ కాలేదు, పాత బల్బు మాత్రం కళ తప్పింది' అని పటమటలో ఉండే అబ్బాయి. ఎల్‌ఈడీ లోపల వోల్టేజీ తేడాను సర్దే చిన్న సర్క్యూటు ఉంటుందని ఇంకొకరు. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర ఎనిమిదిన్నర ఆంపియర్లకు పైగా లాగుతుంది, తీగల నిరోధం అర ఓము అనుకుంటే నాలుగు వోల్టులకు పైగా దారిలోనే పోతాయి అని మన మొదటి మార్కు అబ్బాయి. ఈసారి అతనితో ఇద్దరు గొడవపడ్డారు, అర ఓము ఎక్కడి నుంచి తెచ్చావని. అతను ఇంత సంతోషంగా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు.

మూడో వారం బోర్లాపడ్డాను. తొందరలో ఉండి థెవెనిన్ సిద్ధాంతం మీద పాత పద్ధతిలో ప్రశ్న పెట్టాను. నాలుగు జవాబులు. అయితే పంతులు గారు చెప్పినట్టే అప్రస్తుత ప్రసంగం పని వంతులవారీగా అప్పగిస్తున్నాను కదా, ఆ వారం వంతు వచ్చిన కుర్రాడు మధ్యలో దూరి, 'కాలువ గట్టు మీద కరెంటు తీగపై కాకి కూర్చుంటే ఏమీ కాదు, గబ్బిలాలు మాత్రం చచ్చి వేలాడుతుంటాయి, కాకికి ఏమైనా లంచం ముట్టిందా' అని అడిగాడు. రాత్రి ఒంటిగంట వరకూ నడిచింది. కాకి రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి, వాటి మధ్య వోల్టేజీ తేడా ఉండదు. గబ్బిలం రెక్కలు చాపితే పక్క తీగకు తగులుతుంది అని చివరికి వాళ్లే తేల్చుకున్నారు. నేను చూస్తూ కూర్చున్నాను. రెండుసార్లు టైపు చేసి చెరిపేశాను. కారం దోసె గారి నలభై నిమిషాలు గుర్తొచ్చాయి. నావి వేరే కారణంతో లెండి.

64లో ఇంకా 27 మంది ఒక్క అక్షరం కూడా రాయలేదు. వాళ్లు చదువుతున్నారు, అది తెలుస్తోంది.

కారం దోసె, ఉదయం 10:42

'ఇప్పుడు పేరు పెట్టవచ్చు' దగ్గర ఆగిపోయాను సార్. మీ పుటలో ఆ విడిగా సందేశాలు పంపే సౌకర్యం ఆపేయించగలరేమో చూడండి. అది కూడా చేస్తే ఆ 27లో కొందరు తగ్గుతారు.

ఓమ్ నియమం, ఉదయం 10:50

రేపు కంప్యూటర్ విభాగం వారిని అడుగుతాను. ఇది ముందే చేయవలసింది.

వన్‌టౌన్ వాసి, ఉదయం 11:15

మూడు వారాలుగా చదువుతూనే ఉన్నాను. కాకి సంగతి బాగుంది. అది కాదు కానీ మాస్టారూ, మా ఇంట్లో గీజరు లేదు. అయినా సాయంత్రం ఏడు దాటగానే ఫ్యాను నెమ్మదిస్తుంది, రాత్రి పదకొండుకు మళ్లీ పుంజుకుంటుంది. పదేళ్లుగా చూస్తున్నాను. ఎలక్ట్రీషియన్లు ముగ్గురు వచ్చి కండెన్సరు మార్చి డబ్బులు తీసుకుని వెళ్లారు. మీ పిల్లలు ఏమైనా చెప్పగలరా?

ఓమ్ నియమం, ఉదయం 11:22

నాకు తెలుసు కానీ నేను చెప్పను. ఈ వారం సమస్య ఇదే. అడిగినవారి పేరు ఏమని వేయమంటారు?

వన్‌టౌన్ వాసి, ఉదయం 11:40

పేరెందుకు లెండి. ఊరికే పెట్టండి.